ఊ కొట్టిన నేరం

దగ్గరికి జరగండి. కుర్చీలు వద్దు, ఈ చాప మీదికే రండి. నా గొంతు చిన్నది, ఫ్యాను చప్పుడు పెద్దది. చేతుల్లో ఫోన్లుంటే బోర్లా పెట్టండి. నాదొక్కటే షరతు. నేను చెబుతుంటే మధ్యమధ్యలో ఊ కొట్టాలి. ఊ లేకపోతే నాకు మాట ముందుకు సాగదు. మా అమ్మమ్మ అయితే ఊ ఆగిన చోటే కథ ఆపేసి పడుకునేది. పైగా ఆ ఊ కొట్టినందుకే ఒక మనిషికి డిగ్రీ చేతికందకుండా పోబోయింది. కాబట్టి దాని విలువ తెలుసుకుని కొట్టండి.

నేను బందరులో ఒక డిగ్రీ కాలేజీలో ఆయాగా చేసి రిటైరయ్యాను. చదివింది అయిదో తరగతి. అయినా పొద్దున్నే అందరికంటే ముందు కాలేజీకి వెళ్ళేదాన్ని, సాయంత్రం అందరూ వెళ్ళాక తాళాలేసి వచ్చేదాన్ని. ఆ లెక్కన ప్రొఫెసర్లకంటే నాకే హాజరు ఎక్కువ. గదులు ఊడవడం, బల్లలు తుడవడం, మీటింగులకి టీలు అందించడం నా పని. టీ అందించే మనిషి వస్తే ఎవరూ మాట ఆపరు. గోడ వచ్చిందనుకుంటారు. అందుకే నాకిన్ని సంగతులు తెలుసు.

మా కాలేజీలో చివరి గది ఒకప్పుడు లైబ్రరీ. ఎక్కడో మహానగరంలో ఉన్న యూనివర్సిటీ వాళ్ళు ఫోన్లలోనూ కంప్యూటర్లలోనూ పాఠాలు చెప్పి డిగ్రీలిస్తారని, వాళ్ళకి ఈ ప్రాంతంలో ఒక సెంటరు కావాలని ఆ గది తీసుకున్నారు. పుస్తకాల్ని మూటలు కట్టి మెట్ల కింద పడేశారు. గోడ మీది ఫోటోని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. అది కాలేజీ కట్టించిన పెద్దాయన ఫోటో. నిలువెత్తు మనిషి, తలపాగా, గుబురు మీసం, గదిలో ఎక్కడ నిలబడినా తిన్నగా మన మొహంలోకే చూపు. రోజూ ఆయన అద్దం తుడిచేది నేనే. కాలేజీలో నేను చెప్పింది విసుక్కోకుండా వినేది కూడా ఆయనొక్కరే.

సెంటరు మొదలైన కొన్నాళ్ళకి ఒక రీసెర్చ్ సారు దిగాడు. యూనివర్సిటీ మనిషి, మంచి రంగు చొక్కా, మెడలో తాడుకి వేలాడే కార్డు. నోరు తెరిస్తే ఇంగ్లీషు, మూసుకుంటే చిరునవ్వు. తోట్లవల్లూరులో పుట్టి పెరిగాడని మా ప్రిన్సిపాల్ గారు చెప్పేదాకా నాకు తెలియదు. ఆ సంగతి సారే మర్చిపోవాలని గట్టిగానే ప్రయత్నిస్తున్నట్టుండేవాడు. అల్లం టీ పెట్టి ఇస్తే, "గ్రీన్ టీ లేదా అండీ?" అన్నాడు. బందరులో టీకి ఉండే రంగు ఒక్కటేనని ఆయనకి తెలియక కాదు.

ఆయన తెచ్చింది ఒక మిషను. మిషనంటే చక్రాలూ పళ్ళూ ఉండేది కాదు, కంప్యూటర్లోనే ఉంటుంది. దానికేదో పొడుగాటి ఇంగ్లీషు పేరుంది, మేమంతా శ్రద్ధ మిషను అనేవాళ్ళం. పాఠం నడుస్తున్నంత సేపూ అది కెమెరాలోంచి మనల్నే చూస్తుంది, మైకులోంచి మనల్నే వింటుంది. కళ్ళు తెర మీదుంటే పచ్చ గీత. పక్కకి చూస్తే పసుపు. మాటలు వినిపించినా, లేచి వెళ్ళినా ఎరుపు. చివరికి ఈ మనిషి ఇంత శ్రద్ధగా విన్నాడని నూటికి మార్కులేస్తుంది. అది సగానికి తగ్గితే హాల్‌టికెట్ రాదు.

"మేష్టారు పాఠం బాగా చెప్పాడో లేదో కూడా కొలుస్తుందా అండీ?" అని అడిగాను టీ కప్పు పెడుతూ.

సారు నవ్వి, "అది ఫేజ్ టూ అమ్మా," అన్నాడు. ఆ ఫేజు నేను రిటైరయ్యేదాకా రాలేదు.

మా ప్రిన్సిపాల్ గారు రోజూ గుడివాడ నుంచి రైల్లో వచ్చేవారు. మంచి మనిషి, ఎవరినీ నొప్పించరు, అందుకని ఎవరికీ ఉపయోగపడరు. ఏ సంగతి తీసుకెళ్ళినా ఆయన జవాబు ఒక్కటే: "పైనుంచి వచ్చింది కదమ్మా." వాన పడ్డా ఆ మాటే, సర్క్యులర్ వచ్చినా ఆ మాటే.

ఇక అసలు మనిషి దగ్గరికి వస్తున్నాను. ఊ కొడుతున్నారా?

హంసలదీవి దగ్గర సముద్రం ఒడ్డు పల్లె ఆమెది. ఆ పల్లెలోనే అంగన్‌వాడీ టీచరు. మొగుడు పడవ మీద వేటకి వెళ్తాడు. ఆమె పెళ్ళయ్యాక, పిల్లల్ని పెంచుతూ, ఈ ఆన్‌లైన్ డిగ్రీలో చేరింది. అన్నీ పాసయి చివరి సెమిస్టరు దగ్గరికి వచ్చింది. ఆ ఏడాది సూపర్‌వైజర్ పోస్టులు పడుతున్నాయి. డిగ్రీ ఉండాలి. వయసు హద్దు కూడా ఉంది, ఆమెకి అదే ఆఖరి అవకాశం. అంటే ఈసారి పరీక్ష రాయకపోతే ఇక ఆ పోస్టు ఆమెకి ఎప్పటికీ లేదు.

ఒకరోజు పొద్దున నేను తాళం తీస్తుంటే మెట్ల మీద కూర్చుని ఉంది. కోడూరులో ఒక బస్సు, అవనిగడ్డలో ఇంకొక బస్సు పట్టుకుని, తెల్లవారకముందే బయల్దేరి వచ్చిందట. మొహం మాడిపోయి ఉంది.

"పిన్నీ, నా హాల్‌టికెట్ ఆపేశారు. శ్రద్ధ లేదంట నాకు."

"నీకా?" అన్నాను. సెంటరు పెట్టిన దగ్గర్నుంచీ పాఠంలో అనుమానమొచ్చి అంత దూరం నుంచి వచ్చి అడిగిన మనిషి ఆమె ఒక్కతే. మిగిలినవాళ్ళకి అనుమానాలు రావడానికి ముందు పాఠం వినాలి కదా.

ప్రిన్సిపాల్ గారు వచ్చాక ఆమెని గదిలోకి తీసుకెళ్ళాను. ఆయన తన మాట తను అనేసి, పాపం జాలిపడి, సారుకి ఫోను చేసి స్పీకర్లో పెట్టారు. నేను బల్ల తుడుస్తూ నిలబడ్డాను. అప్పటికే తుడిచిన బల్లే.

"ఆ లెర్నర్ రికార్డంతా రెడ్డే సార్," అన్నాడు సారు అటునుంచి. "ప్రతి పాఠంలో మాటలు వినిపించాయి. ఆమె గొంతు ఒకటి, ఇంకో ఆడగొంతు ఒకటి. బయటి వ్యక్తి సాయం తీసుకున్నట్టు."

"పాఠం వినడానికి సాయమేంటి సార్?" అందామె. "నా చెవులతోనే విన్నాను."

"డేటా అబద్ధం చెప్పదమ్మా. ఒక పాఠంలో అయితే మీరు మధ్యలో లేచి వెళ్ళిపోయారు. వెనకాల ఏదో గిన్నెల మోత కూడా ఉంది."

ఆమె చెప్పబోయింది. "వచ్చే వారం యూనివర్సిటీ ప్యానెల్ వస్తోంది, డెమో ఉంది. ఏదున్నా అప్పుడు వచ్చి వాళ్ళకి చెప్పుకోండి," అని పెట్టేశాడు.

బయటికొచ్చాక నాకు అసలు సంగతి చెప్పింది. ఆ ఆడగొంతు వాళ్ళ అత్తది. కోడలు వాకిట్లో వలలు ఆరేసే గుంజకి ఫోను కట్టుకుని పాఠం వింటుంటే, అత్త కూడా పక్కన చేరి వినేదట. తెర మీద మేష్టారు పసిపిల్లల పెంపకం గురించి ఒక ముక్క చెప్పి ఆగితే, అత్తా ఊ, కోడలూ ఊ. మాట చెప్పేవాళ్ళ ముందు నోరు కట్టేసుకుని కూర్చోవడం వాళ్ళింటా వంటా లేదు. ఆ ఊలన్నీ మిషను వరసగా పట్టుకుని, ఇద్దరూ కలిసి ఏదో కుట్ర చేస్తున్నారని తేల్చింది.

డెమో రోజు వచ్చింది. గేటుకి పెద్ద ఫ్లెక్సీ, దాని మీద సారు ఫోటో. ప్యానెల్ అంటే ఇద్దరు పెద్దమనుషులు, ఏసీ కారులో వచ్చారు, దిగగానే శాలువాలు కప్పించుకున్నారు. చివరి గదిలో కంప్యూటర్ల ముందు మా పిల్లల్ని కూర్చోబెట్టారు. ఎవరి తెర మీద ఏముందో అందరికీ కనపడేలా గోడకి ఒక పెద్ద తెర కట్టారు. వెనక బెంచీ మీద మా హంసలదీవి అమ్మాయి, పక్కన వాళ్ళ అత్త. అత్త తెల్లగా ఉతికిన చీర కట్టుకుని, చేతిసంచిలో ఎండుచేపలు తెచ్చింది. ఎవరికని అడిగితే, "పెద్దోళ్ళని కలవడానికి వట్టి చేతుల్తో ఎలా వస్తాం?" అంది. ఆ వాసన ప్యానెల్ దాకా వెళ్ళింది. ఒకాయన రుమాలు తీశాడు, రెండో ఆయన మాత్రం గట్టిగా ఊపిరి పీల్చాడు. ఆయనది ఈ ప్రాంతమేనని నాకప్పుడే అర్థమైంది.

పాఠం మొదలైంది. పెద్ద తెర మీద గళ్ళుగళ్ళుగా పిల్లల మొహాలు, ఒక్కొక్క దాని చుట్టూ రంగు గీత. పచ్చ, పసుపు, ఎరుపు, చవితి పందిట్లో సీరియల్ బల్బుల్లా వెలిగి ఆరుతున్నాయి. ఒక్క గడి మాత్రం మొదటినుంచీ నిలకడగా పచ్చగా ఉంది. అందులో అంకె నూరు దగ్గర ఆగిపోయింది.

సారు మొహం వెలిగిపోయింది. "చూడండి సార్, ఈ లెర్నర్! కళ్ళు పక్కకి తిప్పడం లేదు, మాట్లాడడం లేదు. అసలు రెప్ప కూడా వేయడం లేదు. ఇదీ ఎంగేజ్‌మెంట్, ఇదీ శ్రద్ధ అంటే!"

అందరూ కళ్ళు చికిలించి చూశారు. తలపాగా, గుబురు మీసం.

ప్రిన్సిపాల్ గారు చెప్పులు విడిచి, ఫోటో వైపు తిరిగి దణ్ణం పెట్టుకుని, మెల్లగా అన్నారు: "ఆయన పోయి చాలా ఏళ్ళయిందండీ."

ఆ కంప్యూటర్ ముందు కూర్చోవలసిన కుర్రాడు ఎవరికీ చెప్పకుండా క్యాంటీనుకి వెళ్ళాడు. కుర్చీ ఖాళీ అయ్యేసరికి కెమెరాకి ఎదురుగోడ మీదున్న పెద్దాయన దొరికాడు. రుమాలు పట్టుకున్నాయన దాన్నే అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాడు.

"ఇది ఎడ్జ్ కేస్ సార్, ఎప్పుడో గానీ జరగదు," అన్నాడు సారు. నుదురు చెమట పట్టింది. "నేనే కూర్చుంటాను. నిజమైన శ్రద్ధ ఎలా రికార్డవుతుందో మీరే చూడండి."

వేరే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పెద్ద తెర నిండా ఆయన మొహమే. చుట్టూ పచ్చ గీత. సరిగ్గా అప్పుడు అత్త లేచింది. ప్యానెల్‌కి చెప్పుకోమన్నారు కదా, ఆమె దృష్టిలో ప్యానెల్ అంటే ముందు కూర్చున్నవాడే. తిన్నగా వెళ్ళి సారు కుర్చీ పక్కన కింద కూర్చుంది.

"బాబూ, నువ్వు ఆ పెట్టెకేసే చూడు, ఫర్లేదు. నేను చెప్పేది చెప్తాను. మా కోడలు పాఠం మధ్యలో లేచిపోయిందని రాశావంట."

సారు కదల్లేదు. కదిలితే పసుపు.

"ఆ రోజు వాకిట్లో కూర్చున్నాం. పక్కింటి పిల్ల తన బిడ్డని మా ఒళ్ళో పడేసి నీళ్ళకి పోయింది. ముద్దొచ్చే బిడ్డ బాబూ."

"ఊ," అన్నాడు సారు.

తెర మీద గీత ఎర్రబడింది. అది సారు చూడలేదు. ఆయన కళ్ళు కెమెరా మీదున్నాయి, చెవులు మాత్రం తోట్లవల్లూరు వెళ్ళిపోయాయి.

"ఫోన్లో మేష్టారు చెప్తన్నాడు. పసిబిడ్డ వెనకాల చప్పుడు చేస్తే తల తిప్పాలంట. తిప్పకపోతే చూపించుకోవాలంట."

"ఊ."

"అది వినీ వినగానే మా కోడలు లేచింది. లోపలికెళ్ళి సత్తు పళ్ళెం, గరిటె తెచ్చింది. బిడ్డ వెనకాల నిలబడి మోగించింది బాబూ, కాకులు లేచిపోయినయ్యి. పక్కింటి కుక్క గుడిసెలో దూరింది."

"ఊఁ..."

"బిడ్డ మాత్రం నా మెళ్ళో పూసలు పట్టుకుని నవ్వుతానే ఉంది."

 పాఠం దాని మానాన అది నడుస్తోంది, ఎవరూ వినడం లేదు. సారు ఇటు తిరిగిపోయాడు. కుర్చీతో సహా తిరిగిపోయాడు.

"తర్వాత? తర్వాతేమయింది మామ్మా?"

"ఏమవుతుంది? చెవులు వినపడటం లేదు ఆ బిడ్డకి. ఆస్పత్రికి తీసుకెళ్ళాం. తొందరగా తెచ్చారు కాబట్టి చెవికి మిషను పెట్టొచ్చన్నారు. అదిగో, ఆ రోజుకే మా కోడలికి శ్రద్ధ లేదని సున్నా వేసింది నీ పెట్టె. గిన్నెల మోత అని రాసిందంట. అది గిన్నె కాదు బాబూ, పళ్ళెం."

సారు అప్పుడు తలెత్తి పెద్ద తెర చూశాడు. ఎర్రటి గడిలో తన కుర్చీ వీపు. పక్కనే అక్షరాలు. అక్కడే ఉన్న పిల్ల ఒకతె తెలుగులో గట్టిగా చదివేసింది: "బయటి వ్యక్తితో సంభాషణ. శ్రద్ధ సున్నా. ఈ విద్యార్థి పరీక్షకి అనర్హుడు."

నవ్వులకి కిటికీ అద్దాలు అదిరాయి. ఎండుచేపల వాసన గుర్తుపట్టిన ప్యానెల్ ఆయన మాత్రం నవ్వలేదు. "ఆ అమ్మాయికి ఇవాళే హాల్‌టికెట్ ఇచ్చి పంపించండి," అన్నాడు. మా ప్రిన్సిపాల్ గారు వెంటనే సంతకం పెట్టారు. ఇది కూడా పైనుంచే వచ్చింది కదా.

ఇంతవరకూ చెప్పి ఆపేస్తే సుఖంగా ఉండేది. కానీ పెద్ద చదువుల్లో ఏ తప్పూ ఊరికే పోదు, దాని మీద ఇంకో రీసెర్చ్ జరుగుతుంది.

ఆమె పరీక్ష రాసింది, పాసయింది, సూపర్‌వైజర్ అయింది. సారు ఆ రోజు జరిగింది రాసి ఎక్కడో విదేశంలో ఒక సభలో చదివి వినిపించి వచ్చాడు. మన జనం ఊ కొడుతూ వింటారని తానే పరిశోధించి కనిపెట్టాడట. ఫ్లెక్సీ మళ్ళీ కట్టారు, ఈసారి శాలువా సారుకి. ఆ రాసినదాంట్లో అత్తాకోడళ్ళ గురించి ఏముందని అడిగితే, "ఉంది ఉంది, గ్రామీణ మహిళలు ఇద్దరు అని," అన్నాడు. ఆ అత్త చేత చెప్పించుకుని తాను ఊ కొట్టిన సంగతి రాశారా అని అడుగుదామనుకున్నాను. ఆయన అప్పటికే గ్రీన్ టీ తాగుతున్నాడు, సొంత పొట్లం తెచ్చుకుని.

కొత్త మిషను వచ్చింది. ఇప్పుడు రూలు తిరగబడింది. ఊ కొట్టకపోతే శ్రద్ధ లేనట్టు! అసలైన ఊ ఎలా ఉంటుందో మిషనుకి నేర్పాలి కదా, దానికి మా హంసలదీవి అమ్మాయిని పిలిపించి ఆమె గొంతే పట్టారు. సంతోషంగానే వచ్చి కొట్టి వెళ్ళింది. మిషను ఆ ఊనే ఊ అనుకుంది. గుడివాడ పిల్లలు కొట్టినా, బందరు పిల్లలు కొట్టినా అనుమానంగా చూసేది. ఆమె ఊ వినపడితే మాత్రం వెంటనే పచ్చ గీత.

మన పిల్లల తెలివి మీకు తెలియనిదా? ఒకరోజు పొద్దున తాళాలు తీసి, మిగతా గదులు ఊడ్చి చివరి గది దగ్గరికి వెళ్ళేసరికి లోపల్నుంచి ఆమె గొంతు. ఇంత పొద్దున్నే ఎలా వచ్చిందా అని తలుపు తోశాను. గదిలో పురుగు లేదు. కుర్చీలన్నీ ఖాళీ. ప్రతి కంప్యూటర్ ముందూ ఒక సెల్‌ఫోను, ప్రతి ఫోన్లోంచీ రికార్డు చేసి పెట్టుకున్న ఆమె ఊ. ఒకటి ఆగితే ఇంకొకటి అందుకుంటోంది. కెమెరాలన్నీ గోడ మీది పెద్దాయన వైపు తిప్పి ఉన్నాయి. తెర మీద మేష్టారు ఎంత ఉత్సాహంగా చెబుతున్నాడో! జన్మలో ఆయన పాఠానికి అన్ని ఊలు పడి ఉండవు. పిల్లలంతా క్యాంటీన్లో ఇడ్లీలు తింటున్నారు.

నేను రిటైరయ్యే ముందు ఆమె ఇంకోసారి వచ్చింది. సూపర్‌వైజర్లకి ఆన్‌లైన్ ట్రైనింగ్ పెట్టారు, అదే మిషను. మంచి చీర కట్టుకుని, బ్యాగు తగిలించుకుని, చివరి గదిలో కూర్చుంది. పాఠం మొదలైంది. అలవాటు ఎక్కడికి పోతుంది, ముక్క ముక్కకీ ఊ కొట్టింది.

ఎరుపు.

మళ్ళీ కొట్టింది. మళ్ళీ ఎరుపు. ఈసారి మిషను నోరు విప్పి, తియ్యటి ఆడగొంతుతో చెప్పింది: "ఈ స్వరాన్ని ఇప్పటికే చాలామంది వాడుతున్నారు. ఇది మీది కాదు. దయచేసి మీ సొంత స్వరంతో ఊ కొట్టండి."

ఆమె నా మొహం చూసింది, నేను ఆమె మొహం చూశాను. ఏడుస్తుందేమోనని దగ్గరికి వెళ్ళాను. భుజాలు కదులుతున్నాయి, నవ్వుతోంది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని లేచింది. తన ఫోనులో తన ఊ రికార్డు చేసి, మిషను గుర్తుపట్టకుండా దాని వేగం కాస్త తగ్గించి బల్ల మీద పెట్టింది. కెమెరాని పెద్దాయన వైపు తిప్పింది. పచ్చ గీత పడింది.

"ఆయన వింటాడులే పిన్నీ, నాకంటే బుద్ధిమంతుడు," అని బయటికొచ్చి మెట్ల మీద నా పక్కన కూర్చుంది. "చెవి మిషను పెట్టిన బిడ్డ ఇప్పుడు మా అంగన్‌వాడీకే వస్తోంది. వాళ్ళమ్మ గోల, నోరు మూయదని. నీ సంగతులేంటి? ఏదన్నా చెప్పు."

ఏం చెప్పానో ఇప్పుడు గుర్తులేదు. నా కాలేజీ, నా మోకాళ్ళు, నా కోడలు, ఏవో చెప్పి ఉంటాను. లోపల ఆమె ట్రైనింగ్ నూటికి నూరుతో పూర్తవుతోంది. బయట ఆమె నా వైపు తిరిగి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఊ కొడుతోంది. ఆ ఊకి ఏ రంగు గీతా పడలేదు. నాకు మాత్రం ఎంతసేపైనా చెప్పాలనిపించింది.

ఇక లేవండి నాయనా, చీకటి పడకముందే ఇళ్ళకి చేరండి. మీ ఇళ్ళల్లో పొయ్యి మీద అన్నం ఎప్పుడూ ఉడుకుతూ ఉండాలి. మీ వాకిళ్ళల్లో కబుర్లు చెప్పే పెద్దవాళ్ళుండాలి. వాళ్ళు ఆగిన ప్రతిచోటా ఊ అనే గొంతుండాలి, అది మీ సొంత గొంతే అయి ఉండాలి. చల్లగా ఉండండి.